మూడో పుట్టుమచ్చ

పోయిన ఆదివారం పొద్దున్నే పెరట్లో కూర్చుని, ఎ.కొండూరులో ఎవరో కట్టుకోబోయే రెండు గదుల ఇంటికి ఇటుకలు ఎన్ని పడతాయో లెక్క వేస్తుంటే ఫోను మోగింది. అవతల మా మిల్లుగారి అబ్బాయి. అబ్బాయి అంటున్నాను గాని వాడికి జుట్టంతా ఊడి పన్నెండేళ్ళయింది. మేం పదో తరగతి చదివే రోజుల్లో వాళ్ళ నాన్నకు తిరువూరులో బియ్యం మిల్లు ఉండేది కాబట్టి మాకు వాడు ఇప్పటికీ మిల్లుగారి అబ్బాయే.

"ఒరేయ్, మన బ్యాచి అంతా కలుస్తున్నాం. ఎక్కడో తెలుసా, మన బడి పడగొట్టి కట్టిన ఫంక్షన్ హాల్లోనే! పుట్టుమచ్చలు మళ్ళీ నువ్వే చదవాలి. కొత్తవి రాయి. నా బట్టతల మీద ఎన్ని వెంట్రుకలున్నాయో అది మాత్రం లెక్కపెట్టకు," అని వాడే నవ్వుకుని పెట్టేశాడు.

నేనూ నవ్వాను. కాని మళ్ళీ కాయితం ముందుకు తిరిగేసరికి ఇటుకల లెక్క ఎక్కడ ఆపానో గుర్తు రాలేదు. పదో తరగతితో చదువు ఆగిపోయి, తాపీ మేస్త్రుల వెనక తిరుగుతూ ఎవరూ నేర్పకుండానే గోడల కొలతలు, ఇటుకల లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. ఈ చుట్టుపక్కల ఇల్లు కట్టేవాళ్ళు ముందు నా దగ్గరికి వచ్చి కాయితం రాయించుకుని వెళతారు. ఇన్నేళ్ళలో సగం లెక్క మరిచిపోవడం నాకు ఇదే మొదలు.

మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పదో తరగతి పరీక్షకు కాయితాలు పంపేటప్పుడు ప్రతి పిల్లవాడి ఒంటి మీద రెండు పుట్టుమచ్చలు చూసి రాసి పంపేవారు. మాది మగపిల్లల బడి కాబట్టి మొహమాటం ఏమీ లేకుండా నలభై ఒక్కమందిమి చొక్కాలు విప్పి వరసగా నిలబడితే, మా క్లాసు మాస్టారు కళ్ళజోడు సవరించుకుంటూ ఒక్కొక్కణ్ణీ వెలుతురు వైపు తిప్పి చూసి, కుడి మోచేతి మీద ఒకటి, ఎడమ చెవి కింద ఒకటి అని రాసుకునేవారు. మాలో ఒకడికి ఎంత వెతికినా ఒకటే దొరికింది. రెండోది రేపటికి మొలిపించుకు రారా అని మాస్టారు అంటే, వాడు నిజంగానే కాటుక చుక్క పెట్టుకు వచ్చి చెమటకు కరిగిపోయాక దొరికిపోయాడు.

ఆ రెండూ సర్కారు కోసం. మూడోది మా కోసం. పరీక్షల ముందు జరిగే వీడ్కోలు సభలో, వెళ్ళిపోతున్న పిల్లల్లోనే ఒకడు లేచి, తన తోటివాళ్ళందరికీ మూడో పుట్టుమచ్చ ఏదో రాసి చదవాలి. అంటే వాడి ఒంటి మీద కనబడనిది, పదేళ్ళ తర్వాత చీకట్లో ఎదురైనా ఫలానావాడని గుర్తుపట్టించేది. రాసింది ముందుగా క్లాసు మాస్టారికి చూపించాలి, చదివేవాడు తన గురించి తాను రాసుకోకూడదు. బడిలో తరాలుగా వస్తున్న ఆనవాయితీ అది.

మా సంవత్సరం నన్ను ఎంచింది మాస్టారే. ఆయన లెక్కలు చెప్పేవారు. నాకు చిన్నప్పటి నుంచీ ఏది కనబడితే దాన్ని లెక్కపెట్టే అలవాటుందని, జూన్ నెల నుంచీ ఒక అట్టల నోటుపుస్తకంలో క్లాసు సంగతులన్నీ గీతలు గీసి పెట్టుకుంటున్నానని ఆయనకు తెలుసు. కోప్పడలేదు సరికదా, అంకెలతో నవ్వించగలిగితే నువ్వు మొనగాడివిరా అన్నారు. ఆ మాట నా తలకెక్కింది.

మిల్లుగారి అబ్బాయి ఆ ఏడు నూట పదకొండు రోజులు క్యారేజీ తెచ్చాడు, అందులో వాడికి తినడానికి మిగిలినవి తొమ్మిది. వాళ్ళ అమ్మగారి ఆవకాయ వాసన రెండో పీరియడుకే గది అంతా కమ్మేసేది, మూడో పీరియడుకు క్యారేజీ ఖాళీ అయ్యేది. కండక్టరుగారి అబ్బాయి ప్రార్థన వరసలో కూడా "జరగండి, జరగండి, లోపల ఖాళీ ఉంది" అనకుండా ఉండలేకపోయేవాడు, బెంచీ మీద రెండుసార్లు తట్టి రైట్ అంటే గాని వాడి పక్కన ఎవరూ లేవడానికి వీల్లేదు. నెమలి అనే ఊరి నుంచి వచ్చే పొడుగువాడి తల మా గది ద్వారబంధానికి పదిహేడుసార్లు తగిలింది. ప్రతిసారీ వాడు తన తలను కాక ద్వారబంధాన్నే నిమిరి, పాపం అనుకుంటూ లోపలికి వచ్చేవాడు. ఇలా ముప్పై తొమ్మిది మందికి ముప్పై తొమ్మిది రాశాను. ఒక్కడి దగ్గర మాత్రం కలం ఆగింది.

వాడు పెనుగొలను నుంచి బస్సులో వచ్చేవాడు. చివరి బెంచీలో కిటికీ పక్కన కూర్చునేవాడు. మాటలు తక్కువ. కళ్ళు ఎప్పుడూ చేత్తో తుడుచుకునేవాడు కాదు, తల వంచి చొక్కా భుజానికి రుద్దుకునేవాడు. ఎవరైనా కలం అడిగితే ముందు దాన్ని లాగుకు తుడిచి ఇచ్చేవాడు. ఇవన్నీ చూశాను, నోటుపుస్తకంలో గీతలు కూడా గీశాను. వాళ్ళ అమ్మ ఎడ్లబండి మీంచి పడి నడుం విరిగి మంచాన పడిందనీ, ఆవిడ పనిచేసే కూలి ముఠాలో ఆవిడ చోటు మరొకరికి పోకుండా వీడు ఆడవాళ్ళ మధ్య నిలబడి నాట్లకూ, పత్తి తీతకూ, చివరికి మిరపకోతకూ వెళుతున్నాడనీ, కళ్ళు తుడుచుకోనిది వేళ్ళకు అంటిన మిరప మంట వల్లననీ నాకు తెలియదు. వాణ్ణి అడిగితే తెలిసేది. ఒక్కసారి కూడా అడగలేదు.

మొదట వాడికి "కిటికీకి కాపలాదారు" అని రాసి మాస్టారికి చూపించాను. ఆయన చదివి, ఇది బాగుందిరా, దీన్ని ఇలాగే ఉంచు అన్నారు. దీన్ని అని ఆయన ప్రత్యేకంగా ఎందుకన్నారో ఆలోచించాల్సింది. కాని అందరి దగ్గరా అంకె ఉండి వీడి దగ్గర లేకపోవడం నాకు లోటుగా తోచింది. సభ రోజు పొద్దున దాన్ని కొట్టేసి కొత్తది రాశాను. అది మాస్టారికి చూపించలేదు.

సభకు జిల్లా విద్యాశాఖ నుంచి ఒక అధికారి ముఖ్య అతిథిగా వచ్చారు. షామియానా కింద ఆయన, హెడ్మాస్టరుగారు, పక్కనే మా మాస్టారు. నేను చదువుతుంటే ఆ అధికారి పొట్ట పట్టుకుని నవ్వారు. ద్వారబంధం దగ్గరైతే కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఊపులో పెనుగొలను వాడి దగ్గరికి వచ్చాను.

"ఈ ఏడు ఇప్పటిదాకా బడి నడిచింది నూట ఎనభై రోజులు. మావాడు దయచేసింది నూట ఆరు రోజులు. మిగతా డెబ్బై నాలుగు రోజులూ వాడి తరఫున చదివింది ఖాళీ బెంచీ. వాడి మూడో పుట్టుమచ్చ ఆ బెంచీయే. పరీక్ష కూడా దానిచేతే రాయించాలని మనవి."

అందరికన్నా ఎక్కువ నవ్వు దానికే వచ్చింది. వాడు కూడా తల వంచుకుని నవ్వాడు. నవ్వనివారు ఒక్కరే.

అధికారి నవ్వుతూనే హెడ్మాస్టరుగారి వైపు తిరిగి, నూట ఆరు రోజులైతే కుర్రాడు పరీక్షకు ఎలా కూర్చుంటున్నాడండీ అని అడిగారు. మా మాస్టారు చటుక్కున లేచి, "పిల్లవాడండీ, సరదాకి ఏదో అంకె పెట్టి రాశాడు," అని, నా వైపు చూశారు. ఆ చూపు నాకు అర్థం కాలేదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అర్థమైంది. అవునండీ, సరదాకే రాశానండీ అంటే సరిపోయేది. కాని నా అంకెను అంతమంది ముందు ఉత్తుత్తిది అనేసరికి నాకు పౌరుషం వచ్చింది.

"బాబూ, నీ లెక్క ఖాయమేనా?" అన్నారు అధికారి.

"ఒక్కటి కూడా తేడా ఉండదండి," అని, సంచీలోంచి నోటుపుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన హాజరు పట్టీ తెప్పించారు. అందులో వాడికి నూట ముప్పై తొమ్మిది రోజులున్నాయి. నాలుగింట మూడు వంతులకు, అంటే నూట ముప్పై ఐదుకు, నాలుగు ఎక్కువ. నా పుస్తకానికీ దానికీ తేడా ముప్పై మూడు. ఆ తీసివేత కూడా అక్కడ అందరికన్నా ముందు పైకి చెప్పింది నేనే. ముప్పై మూడు రోజులు మా మాస్టారు ఖాళీ బెంచీ వైపు చూసి, ఉన్నాడని టిక్కు పెట్టారు. అది చాలా చక్కగా లెక్క వేసి పెట్టిన అబద్ధం. పిల్లవాడు పరీక్షకు కూర్చోవడానికి ఎంత కావాలో అంత, చిన్న జాగ్రత్తకు మరో నాలుగు.

హాల్‌టికెట్లు నలభై మందికే వచ్చాయి. మాస్టారికి ముందు సంజాయిషీ నోటీసు, ఆ తర్వాత దూరపు బదిలీ. వెళ్ళే ముందు నేను భయపడుతూ ఆయన గది గుమ్మంలో నిలబడితే, పుస్తకాలు కట్టుకుంటూ తల ఎత్తి, "లెక్క బాగానే చేశావురా," అన్నారు. ఒక్క దెబ్బ వేసి ఉంటే బాగుండేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఆయన పోయి చాలా కాలమైంది.

పెనుగొలను వాడు మళ్ళీ చదవలేదు. ముఠాలోనే ఉండిపోయి, ఇప్పుడు ఆ ముఠాకు మేస్త్రీ అయ్యాడని విన్నాను. ఒకసారి తిరువూరు బస్టాండులో కనబడితే నేను టీ బండి వెనక్కి తప్పుకున్నాను. మొన్న మిల్లుగారి అబ్బాయి పంపిన జాబితాలో వాడి నంబరు ఉంది. కొత్త మచ్చలు రాయాలంటే ముందు వాడితో మాట్లాడక తప్పదనిపించి, రెండు రోజులు తటపటాయించి ఫోను చేశాను. వెనక ఎవరో ఆడవాళ్ళ కేకలు, నవ్వులు. మిరపచేలో ఉన్నట్టున్నాడు.

"ఎవరండీ?"

"నేనురా. పదో తరగతిలో..."

"ఓ, లెక్కలోడివా! గొంతు మారలేదురా."

ఆ రోజు నేను అలా చదివి ఉండకూడదు, మాస్టారు తప్పించుకునే దారి చూపించినా వినకపోవడం ఇంకా పెద్ద తప్పు అని, రెండు రోజులుగా కూడబెట్టుకున్న మాటలన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. వాడు మధ్యలో ఎవరినో, "ఆ సాళ్ళో పచ్చికాయ కోసేస్తున్నారమ్మా, చూసుకోండి," అని కేకేసి మళ్ళీ వచ్చాడు.

"మా అమ్మ ఏడాదికి లేచి తిరిగిందిరా. ముఠాలో అమ్మ చోటు అమ్మకే ఉంది. పరీక్ష సంగతి అంటావా, ఎందుకు లేదూ, బాధగానే ఉండేది. ఇప్పుడేం చేస్తాం. కాని ఒకటి చెప్పనా? నువ్వు చెప్పిన అంకె తప్పు."

"ఏ అంకె?"

"నూట ఆరు కాదు, నూట ఏడు. నేనూ లెక్కపెట్టుకున్నానురా, నా రోజులు కదా. మిరపకోత మొదలైన కొత్తల్లో ఒక రోజు వచ్చాను. ముందు రోజు మంట దిగక వేళ్ళు వాచిపోయి కలం పట్టలేక, సిగ్గేసి లోపలికి రాలేదు. కిటికీ కింద కొళాయి దగ్గర చేతులు నీళ్ళలో పెట్టుకుని బడి విడిచేదాకా కూర్చున్నాను. మాస్టారు చూశారు. నాకు వినపడాలని లెక్క మూడుసార్లు చెప్పారు. ఆ రోజు ఆయన పెట్టింది దొంగ టిక్కు కాదు. అది మటుకు కలుపు."

ఫోను పెట్టేసి ఇనప్పెట్టె అడుగు నుంచి ఆ అట్టల నోటుపుస్తకం తీశాను. ఉంది. మాస్టారు ఒకే లెక్కను మూడుసార్లు గట్టిగా చెప్పారని, దాని పక్కన మూడు గీతలు, ఎవరికి చెవుడో అని నా కొంటె వ్యాఖ్య. అదే తేదీ కింద వాడి పేరుకు ఎదురుగా సున్న. నేను కూర్చున్న చోటికీ ఆ కొళాయికీ మధ్య ఒక్క గోడ. ఆ గోడకు ఇటుకలెన్నో ఇప్పుడైనా చెప్పగలను.

మా అమ్మాయి గంపలగూడెం వైపు ఒక బడిలో టీచరు. ఇప్పుడు హాజరంతా ఫోనులోనే. టిక్కు పడిందా పడిందే, లేదా లేదు, సాయంత్రం దిద్దుదామంటే కుదరదు నాన్నా అంటుంది. ఒక్కటి కూడా తేడా ఉండదట. ఆ మాట వింటే ఒకప్పుడు నేను ఎంత సంతోషించేవాడినో! మంచిదే, పిల్లలు బడికి వస్తున్నారు, దొంగ లెక్కలు పోయాయి. అయినా ఎక్కడో ఒక కిటికీ కింద చేతులు నీళ్ళలో పెట్టుకుని పాఠం వింటున్నవాడు ఉంటే, వాడికోసం గొంతు పెంచి మూడుసార్లు చెప్పి, ఆ తర్వాత పట్టీ తీసి నిమ్మళంగా టిక్కు పెట్టే మాస్టారికి ఆ ఫోనులో చోటెక్కడుందో నాకు తెలియడం లేదు.

నోటుపుస్తకంలో సున్నను కొట్టేసి గీత గీశాను. నూట ఏడు. తేడా ముప్పై రెండు. వచ్చే ఆదివారం ఫంక్షన్ హాల్లో ముందు అది చదువుతాను, ఆ తర్వాతే క్యారేజీలూ ద్వారబంధాలూ. రాసేవాడు తన గురించి తాను రాసుకోకూడదన్నది మా బడి ఆనవాయితీ, ఆ బడే లేదు కనుక ఈసారికి దాన్ని తప్పుతున్నాను. నలభై ఒకటోది, నాది, రాసి పెట్టుకున్నాను. అందులో అంకె లేదు.