చిన్న గంటలు వదినకి, పెద్ద గంటలు నాకు

నాకు ఓర్వలేనితనం ఉందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఈమధ్య మనవరాలికి కూడా తెలిసింది, నేనే చెప్పాను. కొందరికి షుగరు ఉంటుంది, కొందరికి మోకాళ్ళ నొప్పులుంటాయి, నాకు ఇది ఉంది. మొదలైంది మాత్రం మా వదిన దగ్గర, చేతిగంటల దగ్గర.

వదినంటే మా మేనత్త కూతురు. నాకన్నా కొంచెం పెద్దది. మా నాన్న మలేషియాలోని తెలుక్ ఇంటాన్‌లో పడవల సరుకు చూసే ఆఫీసులో కిరాణీ, అంటే గుమాస్తా. ఆ ఊరికి అప్పటి పేరు వేరు. మేనత్తవాళ్ళు ఊరికి దూరంగా రబ్బరు ఎస్టేట్‌లో ఉండేవాళ్ళు. అవి తెల్లవాళ్ళ మీద కమ్యూనిస్టులు అడవుల్లోంచి తిరగబడ్డ ఎమర్జెన్సీ రోజులు. అడవిలో దాక్కున్నవాళ్ళకి బియ్యం అందకూడదని కూలీల ఇళ్ళ లైన్ల చుట్టూ ముళ్ళకంచె వేశారు. బయటికి వెళ్ళేవాళ్ళ టిఫిన్ గిన్నె మూత తీసి మరీ చూసేవాళ్ళు. పొద్దు వాలకముందే గేటు మూసేసేవాళ్ళు. ఆ గేటు పుణ్యమా అని పిల్ల చదువు చెడిపోతోందని మేనత్త వదినను మా ఇంటికి పంపింది. ఒక రేకుపెట్టెతో వచ్చింది. పడుకోవడానికి చాప తెచ్చుకోలేదు కాబట్టి నా చాపలో సగం ఆమెదైంది.

కొత్తొక వింత, పాతొక రోత. వదిన గడప తొక్కిన రోజునుంచి మా మామ్మకి నేను పాతబడ్డాను. మామ్మ మా నాన్నకి తల్లి. కొడుకు కూతురు రోజూ కళ్ళెదుటే ఉంటుంది, కూతురి కూతురు ముళ్ళకంచె దాటి వచ్చింది. ఇక చెప్పాలా? చేపల పులుసులో తలకాయ వదినకి, తోక నాకు. అమ్మ కూడా తక్కువేం కాదు. "ఆ పిల్లని సూసి నేర్సుకో" అనే మాట ఆవిడ నోట్లో తాంబూలంలాగా ఎప్పుడూ నలుగుతూనే ఉండేది.

అయినా అప్పటికి నాకంటూ ఒకటుండేది. మిషన్ ఆసుపత్రి వెనక హాలులో ఒక దొరసాని ఊళ్ళో ఆడపిల్లలందరికీ చేతిగంటలు నేర్పేది. చీనావాళ్ళ పిల్లలు, తమిళ పిల్లలు, ఆసుపత్రి నర్సులు, అందరం ఉండేవాళ్ళం. మతం మాట ఎత్తేది కాదు, గంట సరిగా పట్టుకుంటే చాలు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తాయని నాన్న ఒప్పుకున్నాడు. నిజానికి ఆవిడ మాతో మాట్లాడింది ఎస్టేట్ ఆసుపత్రుల్లో నేర్చుకున్న తమిళమే.

చేతిగంటల సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. పొడవాటి బల్ల మీద చిన్నవీ పెద్దవీ కంచు గంటలు వరసగా పెడతారు. ఒక్కొక్కరికి రెండే గంటలు, అంటే రెండే స్వరాలు. పాటలో నీ స్వరం వచ్చినప్పుడు గంటను ముందుకి విసిరి మోగించాలి, చాలనుకున్నప్పుడు గుండెకి ఆనించి ఆపాలి. మిగతాసేపు నోరు మూసుకుని తాళం లెక్కపెట్టుకుంటూ నిలబడాలి. ఒక్క మనిషి రాకపోతే పాట పళ్ళూడిన నోరులా ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళకి పెద్ద గంటలు ఇస్తారు, అవి ఎప్పుడో ఒకసారి 'భోం' అంటాయి. చెయ్యి కుదిరేకొద్దీ బల్ల అవతలి చివరికి జరుగుతారు. అక్కడ చిన్న గంటలుంటాయి, పాట నడిచేది వాటి మీదే. వింటున్నవాళ్ళు ఇంటికి వెళ్తూ కూనిరాగం తీసేది ఆ చిన్న గంటల పాటనే. పెద్ద గంటను ఎవరూ కూనిరాగం తియ్యరు.

ఏడాదిపాటు భోం భోం అనిపించి, చేతులు నొప్పెట్టి, చిన్న గంటల దగ్గరికి జరిగే వంతు నాకు వచ్చింది. సరిగ్గా అప్పుడే అమ్మ "ఒక్కర్తివీ ఎల్లకు, వదినని తోడు తీసికెల్లు" అంది. నేనే తీసుకెళ్ళాను. గోతిని నేనే తవ్వాను, గడ్డపార కూడా నాదే.

దొరసాని వదిన చేతికి ఊరికే రెండు గంటలిచ్చి చూసింది. అందరికీ ఎడమ చెయ్యే శత్రువు. కుడి చెయ్యి చెప్పిన మాట వింటుంది, ఎడమది తొట్రుపడుతుంది. వదిన ఎడమ చెయ్యి మాత్రం నీళ్ళలా కదిలింది. కారణం నాకు తెలుసు. ఎస్టేట్‌లో వాళ్ళ నాన్న శనివారాలు రామ మందిరంలో పూజ చేసేవాడు, ఇంట్లో సాయంత్రం హారతి మాత్రం వదినదే. కుడిచేత కర్పూరం పళ్ళెం, ఎడమచేత గంట. పళ్ళెం ఒక తీరున తిరుగుతుంటే గంట ఇంకో తీరున మోగాలి. ఊహ తెలిసినప్పటినుంచీ చేసిన పని. దొరసానికి అదేం తెలుస్తుంది? ఇది దేవుడిచ్చిన చెయ్యి అని మురిసిపోయింది. నెల తిరగకుండా చిన్న గంటలు వదినకి, పెద్ద గంటలు నాకు.

కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. రోజూ ఆమె పక్కనే నడిచి వెళ్ళేదాన్ని, ఆమె పక్కనే పడుకునేదాన్ని. ఆమె నిద్రలో ఎడమ చెయ్యి నా మీద వేసేది. ఆ చేతిని తీసి అవతల పెట్టేదాన్ని.

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే ఇంకో కబురు వచ్చింది. దొరసాని త్వరలో వాళ్ళ దేశం వెళ్ళిపోతుందట. ఈలోగా మాలో ఒకరిని కౌలాలంపూర్ పంపిస్తుందట. అక్కడ చేతిగంటల బృందం పెద్దది ఉంది, హాస్టలు ఉంది. ఎదురుగా నిలబడి చెయ్యి ఊపుతూ అందరిచేతా ఎలా వాయించాలో అక్కడ నేర్పుతారు. నేర్చుకుని వచ్చినవాళ్ళే మా బృందాన్ని నడపాలి. నాకు కౌలాలంపూర్ మీద పిచ్చి ఆశ పుట్టింది. చాపలో సగం అడగనివాళ్ళుండే ఊరు అది. నేను ముందు చేరినదాన్ని, ఒక్క రోజు మానలేదు. దొరసాని మాత్రం వదిన పేరే చెప్పింది. నన్ను చూసి, ఆమెకేమైనా అడ్డం వస్తే నువ్వు ఉన్నావు కదా అంది. ఆ మాటకి అందరూ నవ్వుముఖాలు పెట్టారు. నేనూ పెట్టాను.

అడ్డం నిజంగానే వచ్చింది, అదీ మా ఇంట్లోంచే.

ఆ ఏడు వానలకి హాలు కప్పు కారడం మొదలైంది. బాగుచేసేదాకా ఎవరి గంటలు వాళ్ళ ఇంట్లో పెట్టుకోమంది దొరసాని. జాగ్రత్తలు ఒకటికి పదిసార్లు చెప్పింది. ఉత్త చేత్తో కంచు ముట్టుకోవద్దు, తెల్ల గ్లవుజులు వేసుకోండి. పొడి గుడ్డతోనే తుడవండి. నీళ్ళు అసలే తగలకూడదు, గంట పిడీ నాలుక దగ్గరి మెత్తా తోలువి. మేము గంటలు తెచ్చి దేవుడి గూటి పక్కన పెట్టాం. గంటలు ఇంకెక్కడ పెడతాం?

అప్పుడే ఆయుధ పూజ వచ్చింది. మా ఇంట్లో ఆ రోజు బొట్టు తప్పించుకునే వస్తువంటూ ఉండదు. నాన్న సైకిలుకి బొట్టు, కత్తెరకి బొట్టు, ఆఫీసునుంచి తెచ్చిన రూళ్ళకర్రకి కూడా బొట్టు. మేమిద్దరం పువ్వులకి బజారుకి వెళ్ళి వచ్చేసరికి మామ్మ పెరట్లో గోలెం ముందు కూర్చుని ఉంది. చింతపండు నానబెట్టి, బూడిద కలిపి, వదిన గంటలు రెండూ పిడితో సహా ముంచి తోమేసింది. తళతళలాడిస్తోంది. నాలుకలకి పసుపు రాసింది, పిడికి కుంకం పెట్టింది.

"దేవుడి గంటకి పసుపు లేకండా ఒగ్గేసినారేటే గుంటలు?" అంది, ఎంతో మురిపెంగా.

వదిన ముఖం పాలిపోయింది. నాకు మొదట కనబడింది ఇంకొకటి. మామ్మ నా గంటల జోలికే పోలేదు. నల్లగా నిగనిగలాడుతూ గూటి పక్కనే ఉన్నాయి. కుంకం బొట్టుకి కూడా నోచుకోలేదు. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు దానికి కూడా కుళ్ళొచ్చింది.

హాలు బాగుపడ్డాక మళ్ళీ అందరం చేరాం. వదిన గంట విసిరింది. టక్ మంది. పిండి కలిపే గరిటె కుండకి తగిలినట్టుంది. తోలు ఉబ్బి, ఎండి, చెక్కలా బిగుసుకుపోయింది. ఆమె తెల్ల గ్లవుజు వేళ్ళకి పసుపు అంటింది. దొరసాని గంట అందుకుని పిడి తడిమి చూసింది. ఎవరు కడిగారని అడిగింది.

వదిన తల దించుకుని, నేనేనని చెప్పింది. మామ్మ పేరు ఎత్తలేదు.

దొరసాని అరవలేదు. అరిస్తే బాగుండేది. రెండు గంటలు కాపాడలేని పిల్లకి బల్లెడు గంటలు ఎలా అప్పగిస్తానంది. ఆ తర్వాత నావైపు తిరిగి, కౌలాలంపూర్‌కి నువ్వు సిద్ధంగా ఉండు అంది.

నేను కోరింది దొరికింది. కాళ్ళు నేల మీద ఆనలేదు. అలా ఎంతసేపున్నానో కాని, ఎక్కువసేపు మాత్రం లేను. ఎందుకంటే వదినను చూశాను. కళ్ళు తుడుచుకుంటూ, ఎంత అందంగా నిలబడిందో! అవతల పిల్లలందరూ జాలిగా ఆమెనే చూస్తున్నారు. ఇంటికి వెళ్ళాక సంగతి తెలుస్తుంది. మామ్మ కోసం నింద మోసిందని ఊరంతా చెప్పుకుంటారు. మామ్మ ఆమెను గుండెకి హత్తుకుని ఏడుస్తుంది. నేను కౌలాలంపూర్ వెళ్తాను, దాని ఎంగిలి విస్తరి ముందు కూర్చున్నట్టు. గంటలు దానివే, మామ్మ దానిదే, ఇప్పుడు త్యాగం కూడా దానిదేనా? నాకు ఒళ్ళు మండిపోయింది.

"అబద్ధం! అది కడగలేదు, మా మామ్మ కడిగింది!" అని అరిచాను. అంతటితో ఆగలేదు. ఆయుధ పూజంటే ఏమిటో, సైకిలుకి బొట్టెందుకో, మా ఇళ్ళలో కంచు కనబడితే ముసలమ్మ చెయ్యి ఎందుకు ఊరుకోదో, అంతా కక్కేశాను. దొరసాని వింటూ వింటూ కుర్చీలో కూలబడి నవ్వింది. తోలు మార్చడానికి చెప్పులు కుట్టే మనిషిని పిలిపించింది. కౌలాలంపూర్ వదినకే పోయింది.

దారిలో వదిన నా చెయ్యి పట్టుకుంది.

"నా కోసరం కౌలాలంపూర్ ఒగ్గేసుకున్నావేటే?"

"నీ కోసరం కాదు."

"మరెందుకు సెప్పినావు?"

"నోరూరుకోక."

ఆమె నమ్మలేదు. ఇంట్లోనూ ఎవరూ నమ్మలేదు. "సూసినారా, సిన్నదానికెంత మనసో!" అని మామ్మ ఊరంతా చెప్పింది. చేప తలకాయ ఆ రోజు నా కంచంలో పడింది. మంచిదాన్ని కాదు మొర్రో అంటే వినేవాళ్ళు లేరు. కౌలాలంపూర్ పోయిందే అన్న ఏడుపు మాత్రం నాకు మిగిలింది. అది చెప్పుకునే వీలు కూడా లేదు, మనసు పెద్దదైపోయింది కదా.

వదిన కౌలాలంపూర్ రైలెక్కింది. చాప మొత్తం నాదైంది, చిన్న గంటలూ నావయ్యాయి. రోజూ పొద్దున మామ్మ పూజ గంట ఎడమచేత పట్టుకుని, కుడిచేత ఉత్త పళ్ళెం తిప్పుతూ సాధన చేశాను. పళ్ళెం వంకర పోయేది, గంట కంగారు పడేది. దేవుడి గూట్లో దేవుళ్ళు ఏమనుకున్నారో తెలియదు కాని నేను మానలేదు. వదిన తిరిగొచ్చేలోపు నా చెయ్యి ఆమె చెయ్యి కావాలి, అదొక్కటే పట్టుదల. కౌలాలంపూర్‌నుంచి వచ్చినవాళ్ళెవరైనా ఆమె మాట ఎత్తితే చెవులు రిక్కించి వినేదాన్ని, ఆ తర్వాత రోజంతా చిరచిరలాడేదాన్ని.

మెర్డెకా వచ్చింది, అంటే దేశానికి స్వాతంత్ర్యం. ఊరి మైదానంలో జెండాలు, బ్యాండ్లు, బడిపిల్లల కవాతులు. సాయంకాలం మా గంటల వంతు. వదిన వచ్చింది, నడిపించడానికి. కౌలాలంపూర్ చీర, కౌలాలంపూర్ ముడి, చేతిలో తాళం చూపే సన్నని పుల్ల. ఆమె మా ఎదురుగా నిలబడింది, జనానికి వీపు పెట్టి. పుల్ల ఎత్తింది.

నేను వాయించాను. ఎడమ చెయ్యి తడబడలేదు. పాట నా చేతుల్లోంచి మైదానం మీదికి వెళ్తుంటే పిల్లలు గెంతడం మానేసి విన్నారు. వదిన పుల్ల అందరివైపూ తిరుగుతోంది, చూపు మాత్రం నా చేతుల మీదే ఉంది. తప్పు కోసం చూస్తోందనుకున్నాను. తప్పు చెయ్యలేదు.

అంతా అయ్యాక జనం చెదిరిపోయారు. మిగతా పిల్లలు శర్బత్ తాగడానికి పరుగెత్తారు. నేను బల్ల దగ్గరే ఉన్నాను. వదిన వచ్చి నా పక్కన నిలబడింది. పుల్లను బల్ల మీద పడేసింది.

"అక్కడ నాకు దీన్నే ఇచ్చినారే" అంది. "నడిపేవోళ్ళు గంట ముట్టుకోకూడదంట. ఎన్ని నెలలయినాదో."

నేను పొడి గుడ్డతో గంటలు తుడవసాగాను.

"నువ్వు కొడతన్నంతసేపూ నీ సేతులే సూసినాను. కడుపు మండిపోనాదే నాకు." నా చేతిలోని గంటలకేసి చూసింది. "ఒక్కపాలి ఇయ్యవా? ఒక్క పాట."

నా జీవితంలో ఎవరైనా నన్ను చూసి కుళ్ళుకోవడం అదే మొదటిసారి. అదీ ఆమె. ఎంత తీపిగా ఉందో చెప్పలేను. ఎంత బాధగా ఉంటుందో కూడా నాకు తెలుసు, ఆ ఊళ్ళో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆమె రెండు చేతులూ చాచి నిలబడింది.

ఇవ్వలేదు. ఆమె చోట నేనుంటే, గంటలు ఒకసారి చేతికొచ్చాక తిరిగి ఇచ్చేదాన్ని కాదు.