మారు వద్దనే బావ

మా మిల్లు ఊళ్ళో చలి ఎంతటిదంటే, వేడి రసం పొయ్యి మీంచి బల్ల దాకా వచ్చేసరికి దాన్ని కొరుక్కు తినాల్సొచ్చేది. ఇది అబద్ధమే. ఆ బల్ల దగ్గర నేనొక్కణ్ణే కూర్చునేవాణ్ణన్నది మాత్రం నిజం.

అమెరికా ఉత్తరాన సూపీరియర్ సరస్సుకి దగ్గర్లో ఉన్న ఆ ఊళ్ళో నేను పేపరు మిల్లు కెమిస్టుని. ఏటా ఫిబ్రవరిలో ఊరి చివర కొండ మీద స్కీ జంపింగ్ పోటీలు జరిగేవి: కాళ్ళకి స్కీలనే పొడుగాటి పలకలు కట్టుకుని, మంచు మీద జారి గాల్లోకి ఎగిరి ఎవరెంత దూరాన దిగుతారా అని. పైదేశాల ఆటగాళ్ళని ఊరివాళ్ళే తలా ఒకరిని ఇళ్ళల్లో ఉంచుకునేవారు. డెబ్బైల చివర ఒక ఏడు, ఆ ఏర్పాట్లు చూసే పెద్దావిడ ఒక జపాన్ కుర్రాణ్ణి మా గుమ్మంలో దింపి, “మీరిద్దరూ రైస్ తింటారుగా, అడ్జస్ట్ అయిపోతారు!” అనేసి వెళ్ళిపోయింది.

నా చేతిలో అన్నం ఎప్పుడూ ముద్దయిపోయేది. దాన్ని మెచ్చుకున్న మనిషి భూమ్మీద అతనొక్కడే. కానీ మారు వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఒళ్ళు బరువెక్కితే గాలి మొయ్యదట. ఎగిరినన్నాళ్ళూ ఇంతేనన్నాడు. అతనికి రెండు తెలుగు మాటలు నేర్పాను: బావా, చాలు.

“ఇంకొక్క ముద్ద!”

“చాలు, బావా.”

“మా మేనమామ మూడు మార్లు వేయించుకు తిని, పనసచెట్టు మీంచి దూకి పక్కూళ్ళో దిగాడయ్యా. అక్కడ కాఫీ తాగి బస్సులో తిరిగొచ్చాడు.”

వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు: “బస్సెందుకు, బావా? మళ్ళీ దూకలేదా?”

“పక్కూళ్ళో పనసచెట్టు లేదు.”

ఏటా వచ్చాడు. ఒక ఏడు గెలిచాడు. ఒక ఏడు పడి భుజం విరగ్గొట్టుకున్నాడు, మరుసటి ఏడు అదే భుజంతో వచ్చాడు. పెళ్ళయింది, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. జట్టులో తక్కినవాళ్ళంతా మారిపోయారు. కంచం మీద చెయ్యి మాత్రం మారలేదు. మిగతా ఏడాదంతా నా కోతలు విని నవ్వే దిక్కు లేదు గనక, అతను ‘చాలు’ అన్నప్పుడల్లా లోలోపల సంతోషించేవాణ్ణి. చాలంటున్నాడంటే మళ్ళీ ఎగురుతాడు. ఎగిరితే మళ్ళీ వస్తాడు.

ఎనభైల చివర, కొత్త కుర్రాళ్ళు స్కీలని కత్తెరలా విప్పి ఇంకా దూరం ఎగరడం మొదలుపెట్టారు. అతను పాత పద్ధతిలో రెండూ జోడించి ఎగిరి, అందరికన్నా తక్కువ దూరంలోనే నేల మీదికొచ్చేశాడు. స్కీలు తీసి కొండకేసి తలవంచి దండం పెట్టాడు. ఏటా పెట్టేదే. ఈసారి తల ఎత్తడానికి కాస్త ఆలస్యమైంది.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. ముద్దపప్పు, వెన్న కాచిన నెయ్యి. అతని కంచం ఖాళీ అయ్యాక అలవాటుగా అన్నం హస్తం ఎత్తాను. చెయ్యి అడ్డం రాలేదు. కంచమే ముందుకు జరిగింది.

“చాలు అను బావా,” అన్నాను, నవ్వుతూనే.

అతను తల అడ్డంగా ఊపాడు.

అన్నం పెట్టాను. నెయ్యి పోశాను. మళ్ళీ పెట్టాను. మేనమామ కథ ఒకటి ఎత్తుకోబోయాను గానీ, ఆయన దిగడానికి ఊరేదీ తోచలేదు.