నిరోష కుర్చీ

ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే సారా "కన్సల్టెన్సీ" అంటుంది. అడిగినవాళ్లు వెంటనే తమ బామ్మర్దికి దుబాయ్‌లో ఏదైనా పని చూడమంటారు. అది ఆ కన్సల్టెన్సీ కాదని, అంగళ్లకూ బడులకూ కంప్యూటర్లు అమర్చి, బిల్లులు కొట్టడం నేర్పి, అవి మొండికేస్తే బుజ్జగించి దారికి తెచ్చే ఆఫీసని చెప్పి చెప్పి ఆమెకు నోరు నొప్పి పుట్టింది. ఇప్పుడు చెప్పడం మానేసింది.

ఆత్మకూరు బస్టాండు దగ్గర మందుల అంగడి మేడమీద ఒకే ఒక గది ఆ ఆఫీసు. యజమాని భరత్, లెక్కలు చూసే అనురాధ, సారా, ఇంతే సిబ్బంది. ఉదయగిరి నుంచి తొలి బస్సులో వచ్చిన సారా గది తానే ఊడ్చుకుని, హెడ్‌ఫోన్ తగిలించుకుంటుంది. ఇక సాయంత్రం దాకా ఫోన్లే. అనుమసముద్రంపేట లాడ్జిలో ప్రింటరు కాగితం నమిలేసి ఉంటుంది. కొండాపురం ఎరువుల అంగట్లో తెర నల్లబడి ఉంటుంది; సెల్లు చార్జింగు కోసం ప్లగ్గు పీకింది తామేనని పావుగంట తర్వాత తీరిగ్గా బయటపెడతారు. సారాకు విసుగు రాకేం, వస్తుంది. దాన్ని టీతో పాటు మింగేస్తుంది.

ఆ ఓపికకు ఒక కారణం ఉంది. కంప్యూటర్ వచ్చిన అంగట్లో గల్లాపెట్టె పక్కన కొత్త కుర్చీ ఒకటి పడుతుంది. అంతవరకూ లోపలే ఉండిపోయిన కోడలో కూతురో వచ్చి అందులో కూర్చుంటుంది. ఆ కుర్చీలంటే సారాకు ప్రాణం. ఈ సంగతి భరత్‌కు కూడా చెప్పలేదు, చెబితే నవ్వుతాడేమోనని.

అలాంటి కుర్చీల్లో ఒకటి సీతారామపురంలో ఉంది. రామనారాయణ కిరాణా అంగట్లో ఆయన కోడలు నిరోషది అది. డిగ్రీ చదివి, పెళ్లయ్యాక వంటింటికి అంకితమైపోయిన పిల్ల. సరుకు మీది గీతలు స్కానర్ ముందు చూపిస్తే ధర దానంతటదే తెరమీద పడుతుంది. నెలరోజులు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత ఆ స్కానర్ చదవడం మానేసింది.

నిరోష ఫోన్ చేసినప్పుడల్లా, దాని అద్దం తుడవమని సారా చెప్పింది.

"శుభ్రంగానే ఉండాదక్కా, రోజూ తుడస్తానే ఉండా," అనేది నిరోష.

చివరికి రామనారాయణే భరత్‌కు ఫోన్ చేశాడు. "మా కోడలికి చేతగాలా. గిరాకీ వెనక్కి పోతా ఉండాది. మీ మిషను మీరు ఎత్తుకోని పోండి, నేను చేత్తోనే రాసుకుంటా."

భరత్ సారా వైపు చూశాడు. "రేపు నువ్వే పో. బాగైతే సరే, లేకపోతే పెట్టెలో సర్ది తెచ్చెయ్."

సారా తల్లి లిదియమ్మకు ఒక అలవాటుంది. కూతురు బస్సుకు బయల్దేరేముందు ఆ రోజు ఎవరి పనో అడిగి, వాళ్ల పేరు పెట్టి ప్రార్థన చేస్తుంది.

"ఈ పొద్దు ఎవురి పని మే?"

"సీతారామపురంలో నిరోషని ఒక పిల్ల మా. ఆ పిల్లని కుర్చీలోంచి లేపేస్తారేమో."

లిదియమ్మ కూతురి తలమీద చెయ్యి పెట్టి, నిరోష కుర్చీని కాపాడమని ప్రభువును వేడుకుంది. ఉదయగిరిలో ఒక కుర్చీ కోసం ప్రార్థన చేసిన మొదటి మనిషి ఆమే అయ్యుంటుంది.

సారా వెళ్లేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. దానిమీద మిషను తాలూకు అట్టపెట్టె సిద్ధంగా పెట్టి ఉంది. రామనారాయణ పప్పు తూస్తున్నాడు. నిరోష లోపలి గడప దగ్గర నిలబడి ఉంది, కళ్లు వాచి ఉన్నాయి.

స్కానర్ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. అద్దం తళతళలాడుతోంది. సరిగ్గా నడిమధ్యలో మాత్రం చిక్కటి కాటుక చుక్క.

"ఇదేంది నిరోషా?" అంది మెల్లగా.

"దిష్టి చుక్కక్కా. కొన్నాళ్లుగా అత్తమ్మ రోజూ పెడతా ఉండాది. నేను చుట్టూ తుడస్తా. అత్తమ్మ పెట్టిన చుక్కని ఎట్లా తుడిచేది?"

వెనకనుంచి అత్త వెంకమ్మ వచ్చింది. "వచ్చినోళ్లంతా దాన్నే నోరు తెరుచుకోని చూస్తా ఉండారు పాపా. నా కోడలికి దిష్టి తగలదా? మొకాన పెట్టబోతే నామోషీ అంటాది. అందుకే మిషనుకు పెట్టినా."

ఒక్క తుడుపుతో పోయే పని. సారా చేత్తో తుడవలేదు. తప్పు వెంకమ్మదని రామనారాయణకు వినపడేలా చెప్పనూ లేదు. స్కానర్‌ను ఆమె చేతికే ఇచ్చింది.

"పెద్దమ్మా, ఈ అద్దమే దీని కన్ను. చుక్కను మీరే తీసి, పక్కన ఈ నల్ల పిడి మీద పెట్టండి."

వెంకమ్మ కొంగుతో అద్దం తుడిచి, కోడలి వైపు చూసింది. "ఇన్నాళ్లూ నిన్ను తిట్టించింది నేనా మ్మా?" అంటూ కళ్లొత్తుకుంది.

నిరోష ఆమె చేతిలోంచి స్కానర్ అందుకుని బిస్కెట్ పొట్లం మీద పెట్టింది. కీచుమంది. సబ్బు మీద పెట్టింది. మళ్లీ కీచుమంది. రామనారాయణ తక్కెడ వదిలి వచ్చి తెర చూశాడు, భార్య ముఖం చూశాడు. ఏమనుకున్నాడో, అట్టపెట్టె తీసి కిందపెట్టి, భుజం మీది తువ్వాలుతో కుర్చీ దులిపాడు.

"కూర్చో మ్మా. గిరాకీ నిలబడుండాది."

సారా బయల్దేరుతుంటే, వేలికి కొత్త కాటుకతో వెంకమ్మ అడ్డం వచ్చింది. బోసి నుదురు చూసి ఆగిపోయింది. "మీరు పెట్టుకోరు గదా."

సారా జుట్టు పక్కకు తీసి చెవి వంచింది. వెంకమ్మ చెవి వెనక చుక్క పెట్టింది.

సాయంత్రం ఇంటి ముందు సారా ముఖం కడుక్కుంటుంటే లిదియమ్మ కంట అది పడింది. ఇలాంటివి ఆమెకు గిట్టవు, చర్చిలో అందరికీ తెలుసు.

"ఇదేంది మే?"

"నిరోష వాళ్లత్త పెట్టింది మా. నాకు దిష్టి తగలకూడదంట."

లిదియమ్మ తువ్వాలు కొస తడిపి చెవి దాకా తెచ్చి ఆగింది. "కుర్చీ?"

"ఉండాది. ఆ పిల్ల కూర్చోనుండాది."

లిదియమ్మ కూతురి మెడా చెవీ నిదానంగా, చుక్క చుట్టూరా తుడిచింది.