పెద్దమ్మ మంచం మీద మోతీ

నిన్న వానకి తడిసిన వీధికుక్క ఒకటి మా మెట్ల మీదికొచ్చి ఒళ్లు విదిలించుకుంది. ఆ తడి బొచ్చు వాసన తగలగానే కాశీబుగ్గలో మా పెద్దమ్మ మంచం గుర్తొచ్చింది. దాంతోపాటే, ఇన్నేళ్లయినా పూర్తిగా చల్లారని నా కుళ్లు కూడా.

పెద్దమ్మ హిందీ టీచరు. పెదనాన్న పోయాక, పిల్లలు లేని ఆ ఇంట్లో మోతీ అనే కుక్కతో ఉండేది. తొంభైల చివర్లో, పూండి దగ్గర మా ఊళ్లో ఏడో తరగతి అయ్యాక నన్ను చదువుకి ఆవిడ దగ్గరికి పంపారు. అమ్మని విడిచి వచ్చిన దాన్ని, పెద్దమ్మ పక్కన పడుకోవచ్చని ఆశపడ్డాను. ఆ పక్క అప్పటికే మోతీది. నాకు గోడవారగా వేరే మంచం వేశారు. మోతీ ఆవిడ పొట్టకి వీపు ఆనించుకుని, నా వైపు ఒక కన్ను తెరిచి చూసేది. దాని మెడ పట్టి ఈడ్చేయాలన్నంత ఉక్రోషం వచ్చేది నాకు.

జీడిపిక్కలు కాల్చే పొగ ఊరంతా కమ్మిన ఆ చలికాలంలో పెద్దమ్మకి ఆయాసం ఎక్కువైంది. కుక్కని మంచమెక్కనివ్వద్దన్నారు డాక్టరుగారు. "నాకు మనసొప్పదే. నువ్వే మాన్పించాల," అంది పెద్దమ్మ. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆవిడ పాతచీర మడిచి, గోనెసంచి మీద వేసి, మంచం పక్కన పరిచాను. మోతీ దాని మీద పడుకుంటే బిస్కెట్టు ముక్క. మంచమెక్కితే మాట్లాడకుండా దింపడం. ఆదివారం మధ్యాహ్నాలన్నీ అదే పని. దింపిన ప్రతిసారీ ముందుకాళ్లు పరుపు మీద పెట్టి కుయ్‌మనేది. పెద్దమ్మ కాళ్లు ముడుచుకుని చోటిచ్చేది.

"నువ్విలా సేత్తే అదెప్పుడు నేర్సుకుంటాది పెద్దమ్మా?" అని కసిరాను.

"పాపం, అడుగుతంది కదే!"

చివరికి నేర్చుకుంది. ఒక ఆదివారం అన్నం తిని, ఎవరూ చెప్పకుండానే వెళ్లి గోనె మీద ముడుచుకుంది. మంచం సగం ఖాళీ. పెద్దమ్మ నన్ను పిలుస్తుందని గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ పక్కకి ఒత్తిగిలి, చెయ్యి కిందికి వేలాడేసి, మోతీ తల మీద పెట్టి కళ్లు మూసుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏటే, ఏటయ్యింది?" అని లేచి కూర్చుంది.

"మంచం దిగినా నువ్వు దానికే! నాకెవులూ లేరు!"

పెద్దమ్మ నవ్వలేదు. "అది నోరులేంది. అయినా కావాలంటే వొచ్చి, మంచం మీద కాళ్లెట్టి అడుగుతాది. నువ్వు వొచ్చిన కాణ్ణుంచీ గోడేపు తిరిగి తొంగుంటన్నావు. పెద్దపిల్లవి, ఒక్కదానివే తొంగోడం ఇష్టమేమో అనుకున్నాను. నన్నెప్పుడైనా అడిగావేటి?"

"నువ్వు కాదంటే?"

"అడిగి సూడు."

"నీ పక్కన... తొంగుంటాను పెద్దమ్మా," అని చివరికి నేల చూస్తూ అడిగాను. ఆవిడ జరిగింది. ఆవిడ పొట్టకి వీపు ఆనించుకుని పడుకున్నాను. కింద నుంచి మోతీ తలెత్తి చూస్తే, దానికి కనబడేలా పెద్దమ్మ చెయ్యి లాగి నా మీద వేసుకున్నాను. అసూయ అంత తొందరగా పోతుందా!

మోతీ పోయింది, కొన్నేళ్లకి పెద్దమ్మా పోయింది. అత్తవారింట్లోనైనా, ఉద్యోగంలోనైనా, నావాళ్లు వేరొకరిని దగ్గరికి తీస్తే నాకు ఇప్పటికీ కుళ్లే. కానీ మొహం ముడుచుకుని, ఎవరో పిలుస్తారని కూర్చోను. వెళ్లి, నాకేం కావాలో చెప్పి అడుగుతాను. కాదంటారేమోనని భయం ఉంటుంది. అయినా అడుగుతాను.