మా అత్తగారి పళ్లెం, నా పర్యావరణం

వేలూరులో ఒక రోజు శిక్షణకు వెళ్లొచ్చాక నన్ను పట్టడం ఎవరి వల్లా కాలేదు. సృష్టిని సంఘాలు ఎలా కాపాడుకోవాలో చెప్పే తరగతి అది. మధ్యాహ్నం భోజనం బాగుందని చివరిదాకా కూర్చున్నాను. దేవుడు మొదటి మనిషిని తోటకు కాపలా పెట్టాడని వాళ్లు చెప్పారు. మా గుడియాత్తంలో బస్సు దిగేసరికి, ఈ ఊరి మటుకు ఆ కాపలావాణ్ణి నేనేనని తేల్చేసుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆ రాత్రే పాస్టరయ్యకు ఫోన్ చేశాను.

మాది తెలుగువాళ్ల చిన్న సంఘం. తెలుగులో ప్రార్థన చేస్తాం, తమిళంలో పోట్లాడుకుంటాం. ఏటా కోత పండుగ ఆరాధన అయ్యాక ప్రేమ విందు ఉంటుంది. తిన్న కాగితం ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు చర్చి పక్కనున్న ఏటి ఇసుకలో పడి, వానలు వచ్చేదాకా అక్కడే దొర్లుతుంటాయి. ఈసారి ఎవరి పళ్లెం వాళ్లే ఇంటి నుంచి తెచ్చుకోవాలని కమిటీలో చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. "పళ్లెం లేనివారికి విందు లేదు" అని పెద్ద బోర్డు రాయించి గేటుకు కట్టాను.

పాస్టరయ్య దాన్ని చూసి తల గోక్కున్నాడు. "ఇది ప్రేమ విందప్పా, రవంత ప్రేమగా రాయకూడదా?" అన్నాడు. నేను కింద "స్తోత్రం" అని చేర్పించాను.

మా ఇంట్లో ఒక పళ్లెం ఉంది. మా అత్తగారు పోయాక, పుట్టింటి నుంచి నా భార్య తెచ్చుకున్నది అదొక్కటే. బరువైన పాతకాలపు స్టీలు, అంచు మీద తెలుగు అక్షరాల్లో అత్తగారి పేరు. రోజూ అందులోనే తింటుంది. విందుకు అదే తెమ్మన్నాను. సంఘానికి ఆదర్శంగా ఉండాలి కదా!

"పోతే?" అన్నది.

"నేనుండంగా యాడికి పోతాది?" అన్నాను.

విందు బ్రహ్మాండంగా జరిగింది. ఒక్క కాగితం ముక్క ఏటిలో పడలేదు. గర్వంతో నాకు కళ్లు చెమర్చాయి. కడగడానికి కూడా నా పద్ధతే పెట్టాను. సబ్బు పొడి వద్దు, చింతపండు, బూడిద చాలు. విడివిడిగా కడిగితే నీళ్లు దండగ, అన్నీ ఒకే తొట్టిలో వేయండి అన్నాను. కడిగి కుప్ప పోసేసరికి పళ్లేలన్నీ ఒకే తీరుగా తళతళలాడుతున్నాయి. ఆడవాళ్లు తమవి వెతుక్కోవడం మొదలుపెట్టారు. "మీరు ఇండ్లకు పోండమ్మా, తట్టల మీద పేర్లుండాయి గదా, నేను చేరుస్తా" అని అభయమిచ్చాను.

ఇక్కడ మావాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. మా అత్తగారి దానిలాంటి ఒకటీ అరా తప్ప, మేం తట్టలనే ఈ పళ్లేల మీద ఉండేది సొంతదారు పేరు కాదు. పెళ్లికో గృహప్రవేశానికో దాన్ని కానుకగా ఇచ్చినవాళ్ల పేరు. మా ఇంట్లోనూ సగం గిన్నెల మీద పరాయి పేర్లే. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. పర్యావరణం తలకెక్కిన నాకు తోచలేదు. ఆటో పిలిచి, ఏ పళ్లెం మీద ఏ పేరుంటే ఆ ఇంటికి చేర్చి వచ్చాను.

ఎప్పుడో ఇచ్చేసిన కానుకలు ఇచ్చినవాళ్ల గడపకే తిరిగొచ్చాయి. అదొక్కటే అయితే సర్దుకునేవాళ్లు. కోశాధికారి భార్య ఒక పెళ్లికూతురికి ఇచ్చిన పళ్లెం ఆ విందుకు తెచ్చింది మూడో ఇంటివాళ్లు! "నేనిచ్చిన తట్ట ఆయమ్మ చేతికి ఎట్ల పోయె?" అని ఫోన్లు మోగాయి. ఎవరి కానుకను ఎవరు ఎవరికి దాటించారో పొద్దుగూకేలోపు సంఘమంతటికీ తెలిసిపోయింది. పాస్టరయ్య వచ్చే వారం ప్రసంగాన్ని క్షమాపణ మీదకు మార్చుకున్నాడు.

ఇదంతా నవ్వేసి ఊరుకునేవాణ్ణి. కానీ కుప్పలో మా అత్తగారి పళ్లెం లేదు. నా భార్య కేకలు వేయలేదు. గిన్నెలో అన్నం పెట్టుకుని, "యాడికి పోతాదన్నారు గదా, మీరే తెచ్చియ్యండి" అన్నది. తిట్టినా బాగుండేది. మర్నాటి నుంచే వెతుకులాట మొదలుపెట్టాను.

సాయంత్రాలు వేలూరు నుంచి వచ్చే ఆఫీసు బస్సు దిగి, నేరుగా ఇల్లిల్లూ తిరిగాను. సంఘ పెద్దనని పేరే కానీ, వాటిలో చాలా ఇళ్ల గడప అంతవరకు తొక్కలేదు. ప్రతి ఇంట్లో ముందు తిట్లు, తర్వాత కాఫీ. కాఫీ తాగుతుంటే వాళ్ల కష్టాలు. ఒకాయనకు మోకాలు నొప్పి, ఒకామెకు మగ్గం ఆగిపోయింది. నేను పళ్లెం కోసం గూళ్లలోకి తొంగి చూస్తూనే తలూపాను.

చివరికి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వెనక సందులో ఒంటి గది. అందులో ఉండే ముసలామె చర్చిలో ఆఖరి వరుసలో కూర్చుంటుందని తప్ప నాకేమీ తెలియదు. అత్తగారి పళ్లెం ఆమె గూట్లో మెరుస్తూ కనబడింది. ఆనందంతో గట్టిగానే "స్తోత్రం" అన్నాను.

"రా నాయనా, నువ్వొస్తావని నీ పెండ్లాం చెప్పినాది" అంది ఆమె.

"ఎప్పుడు?" అన్నాను.

"ఆ పొద్దు నీ బోర్డు చూసి ఎనక్కి తిరిగినా. నాకుండేది సొట్టలు పోయిన సత్తు తట్ట. దాన్ని అంతమందిలో యాడ పెట్టేది? నీ పెండ్లాం చూసి, ఈ తట్ట నా చేతిలో పెట్టి లోపలికి పిల్చుకొని పోయె. తిన్నాక ఇయ్యబోతే వద్దనె. ఆయనే వస్తాడు, అప్పుడియ్యి అనె."

సిగ్గుతో నా ముఖం కాలిపోయింది. ఆమె మాత్రం ఆ పళ్లెంలోనే సంగటి, పచ్చిపులుసు పెట్టి, తినేదాకా కదలనివ్వలేదు. ఇంటికొచ్చేసరికి సిగ్గంతా కోపమైంది. పళ్లెం నా భార్య ముందు పెట్టాను.

"అంతా తెలిసి ఊరంతా ఎందుకు తిప్పినావు? ముందే చెప్పకూడదా?"

ఆమె పళ్లెం కడుక్కుని, అన్నం వడ్డించుకుంది.

"చెప్పింటే ఆ ఒక్క ఇంటికే పోయి తెచ్చేసుందురు గదా" అన్నది.