రెండు పచ్చలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నానికి ఒక పూట కొరత ఉండేదేమో గానీ దెబ్బలకు ఏ పూటా కొరత లేదు. అరవదేశం అంచున ఉన్న నగరిలో మాది నేతపని ఇల్లు. ముందు గదిలో మగ్గం, వెనక పెరట్లో రంగుల పాక. మగ్గం మా నాయనది, రంగులు మా అత్తవి. అత్త అంటే మా నాయనకు సొంత అక్క, మొగుడు పోయాక మా ఇంట్లోనే ఉండిపోయింది. నాయన చెయ్యి ఎంత దురుసో అత్త నోరు అంత దురుసు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బడి వదిలితే చాలు, రంగుల పాకలో దూరేదాన్ని. తెల్లటి నూలు చుట్ట, మేం చిలప అంటాం, కుండలో మునిగి ఇంకో రంగులో పైకి లేస్తుంటే నాకు ఆకలి కూడా తెలిసేది కాదు.

ఒకరోజు మాకు చీరలు పురమాయించే అరవ సావుకారు వచ్చాడు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. పెళ్ళి చీరలు, ఒళ్ళంతా ఎరుపు, అంచు పచ్చ, మీ నాయనతో చెప్పు అని తొందరగా వెళ్ళిపోయాడు. నేను పొల్లు పోకుండా అదే చెప్పాను. మా ఇంట్లో పచ్చ అంటే పసుపు. పచ్చని బంతిపువ్వు, పచ్చని పసుపుకొమ్ము. ఆకు రంగు కావాలంటే ఆకుపచ్చ అనో చిలకపచ్చ అనో అంటాం. అరవంలో పచ్చ అంటే ఆకు రంగు ఒక్కటే. అది రోజూ అరవం వినే మాకు ఎవరికీ తట్టలేదు, చూడండి! అత్త అంచు నూలు పసుపులో ముంచింది, నాయన నేశాడు.

సావుకారు మళ్ళీ వచ్చి మొదటి చీర మడత విప్పగానే దాన్ని నాయన మొహాన కొట్టాడు. మిగతావి వీధిలోకి విసిరి బురదలో వేసి తొక్కాడు. పెళ్ళివాళ్ళకు నేనేం చెప్పాలి, మీకు కండ్లు ఉండాయా లేవా అని వీధంతా వినేట్టు అరిచాడు. నాయన వంగి చీరలు ఏరుకున్నాడు. ఎదురు ఎలా చెప్తాడు? మా మగ్గం ఆడేదే ఆయన పనితో. లోపలికి వచ్చి తలుపు మూశాడు. మింగిన కోపం ఎక్కడికి పోతుంది, నా మీదికే వచ్చింది.

మగ్గం పక్కనున్న వెదురు బద్ద తీసి నా ఎడమ చేతి మీద కొట్టాడు. ఎన్ని కొట్టాడో తెలియదు. మగ్గం గుంటలో పడ్డాను. జుట్టు పట్టుకుని పైకి లాగి మళ్ళీ కొట్టాడు. పచ్చ అనే అన్నాడు నాయనా, పచ్చ అనే అన్నాడు అని అరుస్తూనే ఉన్నాను. చివరికి బద్ద చీలిపోయింది. అరవై దాటాను, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అత్త రంగు కలిపే కట్టె పట్టుకుని పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. వస్తూనే ఆ కట్టెతో నాయన వీపు మీద బాదింది. ఎర్రరంగు గోడంతా చిందింది.

"తప్పు బిడ్డది కాదురా, మాటది! నేనూ పసుపే ముంచినాను గదా. రా, నన్నూ కొట్టు!"

నాయన బద్ద పారేశాడు గానీ కోపం పారేయలేదు. ఇంక ఇది రంగుల కాడికి వచ్చిందంటే కాళ్ళిరగ్గొడతా అని బయటికి పోయాడు. నిజం చెప్తున్నా, దెబ్బలకంటే ఆ మాటే నన్ను చంపింది.

మర్నాడు పొద్దున అత్త నన్ను వాకిట్లో వెలుతురుకు కూర్చోబెట్టి చొక్కా చెయ్యి పైకి మడిచింది. వాతలకు ఆముదం రాసింది. పసుపు కూడా పెట్టమంటే రంగు చెడిపోతుందంది. నాకేమీ అర్థం కాలేదు. ఆమె ఒక చిన్న చిలప ముంచి తెచ్చి వాత పక్కన ఆనించి చూసింది. కుదరలేదు. మళ్ళీ ముంచింది. నన్ను ఎగతాళి చేస్తోందని బోరున ఏడ్చాను.

"ఏడిస్తే యాడ కనపడతాది? సూడు. ఇది ఏం రంగు? ఎరుపు అనొద్దు, ఎరుపులు నూరు ఉండాయి" అంది.

అలా రోజుకొక చిలప. మొదటిరోజు మండే ఎరుపు రెండోనాటికి నేరేడు అయింది. నేరేడు నల్లబడింది, నలుపు నీలమైంది. నొప్పి పోలేదు గానీ లేవగానే ఈరోజు ఏం వచ్చిందోనని నేనే చొక్కా చెయ్యి మడుచుకుని చూసుకునేదాన్ని. వారం దాటాక ఒక పొద్దున నేనే కేకేశాను. నడుమ ఆకు రంగు, చుట్టూ పసుపు. అత్త విరగబడి నవ్వింది.

"ఓసినీ! రెండు పచ్చలూ ఈడే ఉండాయి గదే!"

ఆ వారమే నాయన కాళ్ళావేళ్ళా పడి సావుకారును పిలుచుకొచ్చాడు. అతను దండెం మీద వరసగా ఆరేసిన చిలపల దగ్గర ఆగిపోయాడు. ఎరుపు, నేరేడు, నలుపు, నీలం, ఆకు, పసుపు. ఈ వరస రొంబ బాగుండాది, ఇట్లనే అంచు కావాల అన్నాడు. నాయన మొహం వెలిగిపోయింది. ఈ డిజైను యాడ దొరికింది అక్కా అని అడిగాడు.

అత్త నన్ను లాక్కొచ్చి చొక్కా చెయ్యి మడిచి, చిలపలు పక్కన పెట్టింది.

"నువ్వేసిందేరా" అంది.

నాయన చూశాడు. సావుకారు కూడా చూసి తల తిప్పుకున్నాడు. అత్త ఇంకో మాట చెప్పింది. రంగుల్లో ముంచేది ఈ పిల్ల, నేసేది నువ్వు, లేదంటే నేను కుండ ముట్టను అని. నేను ముంచాను. నాయన నేశాడు. నేరేడు దాటి నలుపు దగ్గరికి వచ్చేసరికి అడ్డపోగు తోసే నాడె విసిరికొట్టి లేచిపోయాడు. చాలాసేపటికి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా మళ్ళీ కూర్చున్నాడు. ఆ తర్వాత నన్ను కొట్టలేదని చెబితే అబద్ధం. కొట్టాడు. కానీ రంగుల పాకకు మాత్రం ఎప్పుడూ అడ్డం రాలేదు.

ఇప్పుడు చీరలకు డిజైన్లు వేయడమే నా బతుకు. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు ఫోన్లో నెమళ్ళూ పూలూ చూపించి, మేడమ్, మీకు రంగులు ఎక్కడ దొరుకుతాయి అని అడుగుతారు. ఎక్కడైనా దొరుకుతాయి, చూడబుద్ధి కానిచోట ఇంకా బాగా దొరుకుతాయి, ముందు కళ్ళు తిప్పుకోకుండా చూడండి అంటాను. వాళ్ళు ఆ జవాబు మెచ్చుకోరు, సరే. నాకు వచ్చిందీ మా నాయన కోపమే. ఒకసారి నా కూతురు ఒక చీరకు సరిపడే నూలంతా తప్పు రంగులో ముంచేస్తే నా చెయ్యి కూడా లేచింది. ఆ చెయ్యి ఎడమదే, నాయన వాతలు పడ్డదే. లేచిన చేతిని చూసుకుని దించేశాను. అప్పటినుంచి ఎవరైనా పచ్చ అంటే మాట నమ్మను, పోగు చూపించమంటాను. చూసేదాకా చెయ్యి కుండలో పెట్టను, ఎవరి మీదికీ ఎత్తను.