ఉపమాక దారిలో ఒక రిప్లై

మా వదిన సత్యవతి ఉపమాక కొండ మీది వెంకన్నను చూడాలని చాలా రోజులుగా అడుగుతోంది. రెండేళ్ల క్రితం ఆవిడ పాల ప్యాకెట్ తేవడానికి రోడ్డు దాటుతుంటే ఒక కుర్రాడు బైకుతో గుద్దేశాడు. వాడి ఒక చేయి హ్యాండిలు మీద, ఇంకో చేయి ఫోను మీద ఉందని చూసినవాళ్లు చెప్పారు. వాడు మాత్రం ఆవిడే అడ్డం వచ్చిందన్నాడు. అప్పటినుంచి ఆవిడ కుడి మోకాలు సరిగా వంగదు. చేతికర్ర లేనిదే నడవలేదు. బస్సు మెట్లు ఎక్కించడం కష్టమని అనకాపల్లిలోనే ఒక ట్రావెల్స్ కారు మాట్లాడాను. మా వీధిలో గాజుల షాపు నడిపే నూర్జహాన్ కూడా తోడు వచ్చింది. నక్కపల్లిలో ఒక దుకాణం దగ్గర ఆమె గాజుల పెట్టెలు దింపాలి.

ఉదయం ఏడింటికి కారు వచ్చింది. డ్రైవరు రమణకు ముప్పై ఏళ్లు ఉండవు. వదిన కాలు చాపుకునేలా ముందు సీటు వెనక్కి జరిపి, చేయి అందించి ఎక్కించాడు. మంచివాడే దొరికాడనుకున్నాను. కశింకోటలో ఆగి ఇడ్లీలు తిన్నాం, టీ తాగాం. బిల్లు నూర్జహాన్ నన్ను ఇవ్వనివ్వలేదు.

మళ్లీ హైవే ఎక్కాక రమణ ఫోను టింగుమంది. స్టీరింగు మీద ఎడమ చేయి ఉంచి, కుడిచేతి బొటనవేలితో టైపు చేయడం మొదలుపెట్టాడు. ముందు లారీ పోతోంది, పక్కన బైకులు పోతున్నాయి, అతని కళ్లు మాత్రం ఒళ్లోకి వాలిపోయాయి. వదిన తలుపు పైనున్న పిడిని గట్టిగా పట్టుకుంది. ఆ చేతి నరాలు వెనక సీట్లోంచి నాకు కనిపించాయి.

"బాబూ, ముందు ఫోను పక్కన పెట్టు," అన్నాను.

"ఏటీ కాదమ్మా. ఓనరుకి రిప్లై ఇత్తన్నాను. ఇయ్యకపోతే ఒకటే గోల. నాకు అలవాటేనమ్మా."

అలవాటట! ఎవరి ప్రాణాల మీద చేసుకున్న అలవాటో! అది నేరం, చట్టం ఉంది, పట్టుకుంటే జరిమానా వేస్తారని గట్టిగానే చెప్పాను. నూర్జహాన్ నవ్వింది.

"పోనీ అక్కా, ఆ చట్టం పోలీసోళ్లు చలానా రాసుకోడానికే. పాట మార్చితే తప్పులేదు, మిరపకాయ బజ్జీ తింటూ తోలితే తప్పులేదు, మెసేజ్ కొడితేనే నేరమా? గుద్దితే అప్పుడు పట్టుకోమను."

"గుద్దాక పట్టుకుంటే మా వదిన మోకాలు తిరిగొస్తుందా?" అన్నాను.

నూర్జహాన్ నవ్వు ఆగిపోయింది. రమణ ఫోను గేరు పక్కన పెట్టాడు. మనసు కాస్త కుదుటపడింది.

ఎలమంచిలి దాటాం. రోడ్డుకు ఇరువైపులా చెరకు నరుకుతున్నారు. ఫోను రెండుసార్లు మోగి ఆగింది. తర్వాత వరసగా టింగు, టింగు, టింగు. మా ముందు చెరకు ట్రక్కు లాగుతూ ఒక ట్రాక్టరు ఊళ్లోకి తిరగడానికి నెమ్మదించింది. ట్రాక్టరు తోలుతున్న రైతు చేయి బయటికి చాచి ఊపడం నేను చూశాను, వదిన చూసింది. రమణ చూడలేదు. ఫోను మళ్లీ అతని చేతిలోకి వచ్చేసింది.

"రమణా!" అని వదిన అరిచింది.

బ్రేకు పడింది గానీ ఆలస్యమైపోయింది. ట్రక్కు వెనక్కి పొడుచుకొచ్చిన చెరకు గడలు అద్దం పగలగొట్టుకుని లోపలికి వచ్చాయి. ఒక గడ వదిన చెవి పక్కనుంచి వచ్చి సీటుకు తగిలి ఆగింది. ఆవిడ ఒళ్లంతా గాజుపెంకులు. నుదుటి మీంచి రక్తం కారుతోంది. వెనక పెట్టెల్లో నూర్జహాన్ గాజులు గలగలమని పగిలిపోయాయి. కారు ఇంకాస్త వేగంగా ఉంటే ఏమయ్యేదో రాయడానికి ఇప్పటికీ చేయి రావడం లేదు.

రైతు ట్రాక్టరు దిగి పరుగెత్తుకొచ్చాడు. తిడతాడనుకున్నాను. ముందు తన తలగుడ్డ విప్పి వదిన నుదురు అదిమి పట్టాడు.

"సెయ్యి ఊపేను కదమ్మా! సూడలేదేటి?" అన్నాడు.

రమణ ఓనరుకు ఫోను చేసి, అద్దం, గాజులు పగిలాయని, వదినకు దెబ్బ తగిలిందని చెప్పాడు. కంగారులో స్పీకరు నొక్కేశాడేమో, ఓనరు మాట అందరికీ వినిపించింది.

"ట్రాక్టరోడు సడన్ బ్రేకేసేడని సెప్పు. ఎనక లైటు లేదని సెప్పు. అద్దం కర్సు ఆడి కాడే లాగాలి. పేసింజర్లని కూడా అదే సెప్పమను. ఆ గాజులావిడకి నష్టం నేనిచ్చేత్తాను."

నాకు ఒళ్లు మండిపోయింది. చిట్లిన నుదురుతో ఒక మనిషి కూర్చుని ఉంటే, ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు. చేయి ఊపి మరీ చెప్పిన రైతు మీదికి నేరం తోసేస్తున్నాడు. నేను నోరు తెరిచేలోపే నూర్జహాన్ ఫోను దగ్గరికి వంగింది.

"నీ డబ్బులు నువ్వే ఉంచుకో బాబూ. గాజులు పగిలితే పగిలేయి. ఆయన బ్రేకు ఎక్కడేసేడు? నీ మెసేజులకి రిప్లై కొడుతూ ఈ పిల్లోడు గుద్దేడు."

కాసేపటికి హైవే పెట్రోలింగ్ బండి వచ్చింది. కానిస్టేబుల్ వదినకు దూది, కట్టు ఇప్పించి, ఏం జరిగిందని అడిగాడు. రమణ నా వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది. "ఉద్యోగం పోద్దమ్మా," అని మెల్లగా అన్నాడు. నాకూ జాలేసింది. కానీ నా జాలికి ఆ రైతు ఎందుకు కేసు మోయాలి? ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నూర్జహాన్ కూడా అదే చెప్పింది. చివరికి రమణ తల దించుకుని, "అవునండి, మెసేజ్ కొడతన్నాను," అన్నాడు. కారును అక్కడినుంచి కదలనివ్వలేదు. అవసరమైతే సాక్ష్యానికి పిలుస్తామని మా నంబర్లు తీసుకున్నారు.

రైతు ఆపిన ఆటోలో నక్కపల్లి చేరాం. డాక్టరు రెండు కుట్లు వేశాడు. ఇంటికి వెళ్లిపోదామంటే వదిన ఒప్పుకోలేదు. నూర్జహాన్ మిగిలిన గాజులు దుకాణంలో దింపి, మమ్మల్ని ఉపమాక ఆటో ఎక్కించింది. కొండ మెట్లు ఎక్కలేక వదిన కింది గుళ్లోనే దండం పెట్టుకుంది. చాలాసేపు కళ్లు తెరవలేదు. ఏం అడిగిందో నేను అడగలేదు.

మధ్యాహ్నం మూడు దాటాక నక్కపల్లిలో అనకాపల్లి బస్సు ఎక్కాం. కండక్టరు, మాకోసం అక్కడే ఆగిన నూర్జహాన్ చెరో వైపు పట్టుకుని వదినను ఎక్కించారు. కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా చూస్తూ వచ్చాను. బైకు మీద భుజానికి, చెవికి మధ్య ఫోను ఇరికించుకుని పోతున్నవాడు ఒకడు. పిల్లను ముందు కూర్చోబెట్టుకుని స్క్రీను చూస్తున్నవాడు ఇంకొకడు. ఈ చట్టం ఎందుకని అడిగేవాళ్లను ఒక్కసారి మా వదిన కూర్చున్న సీట్లో కూర్చోబెట్టాలనిపించింది. ఒళ్లోకి చూసే ఆ క్షణంలో బండికి డ్రైవరు లేనట్టే. డ్రైవరు లేని బండిని రోడ్డు మీదికి వదిలే హక్కు ఎవరికీ లేదు. కానీ బండి నడుపుతున్నాడని తెలిసి కూడా "రిప్లై లేదేటి" అని పొడిచేవాణ్ణి ఏ జరిమానా పట్టుకుంటుంది? ఆ కోపం ఎలమంచిలి దాటినా చల్లారలేదు.

నా ఫోను మోగింది. రమణ.

"అమ్మా, బండి పక్కనే నిలబడి మాటాడతన్నాను. ఓనరు రేపట్నించి రావద్దన్నాడు. మీరు సెప్పింది నిజమే, దానికి నేనేటీ అనను. ఆయన ఎట్టిన మెసేజులన్నీ నా ఫోన్లో ఉన్నాయి. రేపు స్టేషన్‌కి తీసుకెళ్లి సూపిత్తాను. ఒక్కణ్ణే ఎల్తే నమ్మరేమో. మీరు పక్కన నిలబడతారా?"

ఒక్క నిమిషం ఉండమన్నాను. పక్కకు తిరిగి విషయం వదినకు చెప్పాను. చావు అంచుకు తీసుకెళ్లినవాడికి ఆవిడెలా సాయం చేస్తుందనుకున్నాను. వదిన నుదుటి కట్టు మీద చేయి వేసుకుంది.

"నన్ను గుద్దినోడు ఈరోజుకీ ఒప్పుకోలేదు. ఈడు అందరి ముందూ ఒప్పుకున్నాడు," అంది. "రేపు ఎన్నింటికో అడుగు. నేనూ వత్తాను."